చుక్క పెట్టిన మాట

కోటిపల్లి రేవులో పంటు తప్పిపోయింది.
పడవ మాట్లాడుకున్నాను,
ఓలేటి గంగాచలం గారిది, ఇంజనుకి దగ్గు.
ఒళ్ళో చెప్పుల పెట్టె, అందులో నూటపదకొండు చీటీలు,
చీటీకొక నేలమాట:
మెరక, పల్లం, పర్ర, మడ, మొగ, గండి.
పుట్టుక అని ఉన్నచోట అన్నిటికీ ఏదో ఒకటి రాశాను.
లంక దగ్గర కలం ఆగింది.

ఎవరూ వినని మాటకి మా పనిలో
ముందొక చుక్క పెడతాం.
రాతి మీద లేదు, తాటాకు మీద లేదు,
ఏ నోటా మిగల్లేదు,
అయినా ఉండే ఉంటుందని
మునిమనవరాళ్ళ ముక్కులు చూసి
ముత్తవ్వ మొహం గీసినట్టు గీస్తాం.
ఎక్కడో మంచుదేశాల్లో
చిత్తడినేలకి పాతమాట ఇలాగే కట్టారట,
చుట్టాల భాషలన్నిటి దగ్గరా తలో అక్షరం చేబదులు తెచ్చి.
ఏటికి నేనూ అలాగే కట్టాను.
ఏఱులో బండి ర అరిగి అరిగి
మామూలు ర అయింది, గులకరాయి ఇసకైనట్టు.
అంతవరకూ సుళువే.

లంక అలా లొంగదు.
మన పాత ఇంటి మాటలు ల తో గడప దాటవంటారు పెద్దలు.
ఇది దాటింది. అయితే బయటిదా?
కొండల మీది వాళ్ళదా?
మనకంటే ముందు ఈ నీళ్ళ పక్కన
వండుకు తిన్నవాళ్ళెవరిదైనానా?
పండితులు ఇద్దరు, అభిప్రాయాలు మూడు.

"లంకంటే ఏంటండీ?" అన్నాను
తెలియనట్టు.
గంగాచలం చుక్కాని వదల్లేదు.
"వరద తీసేక అడుగు నిలబడితే మేటండి.
దాని మీద రెల్లు మొలిస్తే తిప్పండి.
ఎవడో ఒకడు దోసగింజ పెట్టి
రాత్రి అక్కడే పడుకున్నాడనుకోండి, అప్పుడు లంక.
పాసుపుస్తకం వచ్చిందా,
ఇంక దాన్ని తగువంటారండి."

రాసుకున్నాను.
ఏ నిఘంటువూ ఇంతవరకు
నిద్రని అర్థంలో కలపలేదు.

పోలయ్యలంకలో దిగాం. దిగాం అంటే,
ఒడ్డే కొంచెం విరిగి మాకెదురొచ్చింది.
అరటిచెట్టొకటి గెలతో సహా
నీళ్ళలోకి వంగి చూస్తోంది, వేళ్ళు గాల్లో.
కోసుకుపోయిన గట్టు పూతరేకుల మడతలా పొరలు పొరలు,
వరదకొక పొర.
ఇక్కడిదని చెప్పడానికి పిడికెడు మట్టి లేదు.
మన్యం మట్టి, మరాఠా మట్టి,
ఎవరి పొలమో, ఎవరింటి గోడో.

మల్లాడి పార్వతాలు వేలు చాచి
ఏటి నడిమిని చూపించింది.
"అదే మా ఎకరం ముప్పై సెంట్లు."
దాని మీదుగా వలపడవ వెళ్తోంది.
శిస్తు రసీదుంది, సర్వే నెంబరుంది,
తూర్పు హద్దు వాసంశెట్టి వారి కొబ్బరితోట,
పడమర పుంత.
తూర్పూ పోయింది, పడమరా పోయింది,
రసీదు మటుకు ప్లాస్టిక్ కవర్లో
పొడిపొడిగా ఉంది.

"ఇలాంటి దానికి మీ బుక్కులో ఏం గుర్తెడతారు?"
నాకు తోచలేదు.
ఉండి, కాగితమెక్కని వాటి గుర్తే నాకు తెలుసు.
చుక్క సంగతి చెప్పాను.
ఆవిడ నవ్వలేదు. రసీదు తీసి
"పెట్టండి ఓటి" అంది.
నెంబరు ముందు పెట్టాను, పెన్సిలుతో, చిన్నది.
అది సర్కారు కాగితమని
పడవెక్కాక గుర్తొచ్చింది.

తిరుగుదారిలో చీకటి.
పాయ మధ్య, కిందటేడు లేనిచోట
నల్లగా ఏదో వీపు తేలింది.
గంగాచలం ఇంజనాపి గెడ దింపి చూశాడు.
మోకాటి లోతు.
గెడ పైకి తీస్తుంటే కారిన నీరు
నా చీటీ మీద, పుట్టుక అని ఉన్నచోట,
ఒక చుక్కై నిలిచింది. తుడవలేదు.

"లంకవుతుందంటారా?" అన్నాను.
"ఎవడైనా వచ్చి పడుకోవాలి కదండి" అన్నాడు,
ఇంజను తాడు లాగుతూ.
మూడోసారికి గాని అంటుకోలేదు.